కొబ్బరినూనె పోసిన స్టీరింగ్

"ఏవండీ, మీ కారు మూలుగుతోంది. ఒంట్లో బాగోలేదా దానికి?"

సువార్త కారెక్కిన మొదటి రోజే అడిగిన మాట అది. రావులపాలెంలో ఒక ప్రైవేటు స్కూల్లో కొత్తగా టీచరుగా చేరింది. ఆమెనీ, మరో ఇద్దరు టీచర్లనీ రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చే కారు దీపక్‌ది.

"మూలిగేది కారు కాదండీ, స్టీరింగండీ," అన్నాడు దీపక్ అద్దంలోంచి చూస్తూ. "తిప్పినప్పుడల్లా ఊఁ అంటది."

"నడిపేవాళ్లు సరిగ్గా చూసుకోకపోతే ఊఁ అనక ఏమంటుంది?"

వెనక సీట్లో పక్కనున్న టీచర్లిద్దరూ ఫక్కున నవ్వారు. దీపక్ చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు వాన. కొత్తపేటలో సువార్త కారెక్కే మలుపు దగ్గర పిక్కల్లోతు నీళ్లు. దీపక్ సందులోకి వచ్చి సరిగ్గా వాళ్ల గుమ్మం ముందు హారన్ కొట్టాడు.

"ఇక్కడిదాకా ఎందుకొచ్చేరు?"

"ఇటు తిప్పనా అని అడిగేనండీ. స్టీరింగు ఊఁ అంది."

సువార్త నవ్వు ఆపుకుందామని చూసింది. వల్లకాలేదు.

నెల తిరిగేసరికి ఆమె వెనక సీట్లోంచి ముందు సీట్లోకి మారింది. సాయంత్రం టీచర్లిద్దరూ దారిలో దిగిపోయాక, మిగిలిన నాలుగు కిలోమీటర్లూ కారు ఎడ్లబండి కన్నా నెమ్మదిగా నడిచేది. మీరు అన్న మాట పోయి నువ్వు వచ్చింది.

ఓ సాయంత్రం కాలవగట్టు మీద కారాపి దీపక్ బానెట్ ఎత్తాడు. మూలుగు మరీ ఎక్కువైంది.

"ఇదిగో, ఈ చిన్న డబ్బాలో ఆయిల్ ఉంటది. అదే స్టీరింగుని తేలిగ్గా తిప్పుద్ది. చూడు, ఎలా నల్లబడిపోయిందో. తగ్గింది కూడాను. పాతదంతా లాగేసి, లోపల కడిగి, కొత్తది పోయాలి. ఫ్లష్ చేయడమంటారు."

"ఎప్పుడు చేయిస్తావ్?"

"సోమవారం ఇమ్మానుయేలు గారి షెడ్డుకి తీసుకెళ్తా."

అతను టీ తేవడానికి వంతెన అవతలికి వెళ్లాడు. సువార్త సంచిలో ఇంటికని కొన్న గానుగ కొబ్బరినూనె సీసా ఉంది. వాళ్లింట్లో తలకీ ఆ నూనే, తలుపు కీచుమంటే ఆ నూనే, కుట్టుమిషనుకీ ఆ నూనే. పాపం ఎన్నాళ్ల నుంచి మూలుగుతోందో అనుకుని డబ్బా మూత తిప్పి నిండా పోసేసింది.

దీపక్ వచ్చి స్టీరింగ్ తిప్పాడు. మూలుగు లేదు.

"ఏం చేశావ్?"

"మందేశాను."

సీసా చూసి అతను తల పట్టుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "స్టీరింగుకి తలంటు పోశావా తల్లీ! సోమవారం కడిగించేస్తాలే."

ఆ సోమవారం కడిగించలేదు, తర్వాతి సోమవారమూ కడిగించలేదు. మూలుగు ఆగింది కదా అనుకున్నాడు. సాయంత్రాలు షెడ్డులో పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది కూడా.

డిసెంబరు వచ్చింది. సువార్త తండ్రి ప్రభాకరరావు మాస్టారు ఓ రోజు తెల్లవారుజామున రాజమండ్రి వెళ్లాల్సి వచ్చి, దీపక్ కారే మాట్లాడుకున్నారు.

"దారిలో అడిగేస్తాను మాస్టార్ని," అన్నాడు దీపక్ ముందు రోజు సాయంత్రం.

"ఏమని?"

"మీ అమ్మాయిని ఎప్పటికీ ఈ ముందు సీట్లోనే కూర్చోబెట్టుకుంటానండీ అని."

ఆ రాత్రి సువార్తకి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తండ్రి బయల్దేరాక తల దువ్వుకుందామని నూనె సీసా అందుకుంది. వంచింది, నూనె రాలేదు. చలికి సీసా అంతా తెల్లగా గడ్డకట్టుకుపోయింది.

స్టీరింగు డబ్బాలో తను పోసిందీ ఈ నూనే.

గుమ్మంలోకి పరుగెత్తింది. కారు వెళ్లిపోయింది. ఫోన్ చేసింది. నడిపేటప్పుడు దీపక్ ఫోన్ ఎత్తడు. తండ్రి ఫోను బల్ల మీదే ఉండిపోయింది.

కాలవగట్టు మొదటి మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోయింది. కారు వంతెన గోడని గుద్ది, కాలవకి మూరెడు దూరంలో ఆగింది. మాస్టారి కుడిచెయ్యి విరిగింది.

"కారు సంగతే చూసుకోలేనివాడివి! నిన్ను నమ్మి నా పిల్లని రోజూ పంపించేను చూడు, నన్ననాలి!" ఆసుపత్రి వరండాలో మాస్టారు అరుస్తుంటే దీపక్ తల వంచుకుని నిలబడ్డాడు. సువార్త అతని ఎదురుగానే ఉంది. ఆమె పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

ఫోన్ చూస్తూ నడిపాడట అని ఊరంతా అనుకున్నారు. స్కూలు వాళ్లు వేరే కారు పెట్టుకున్నారు. దీపక్ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇంట్లో రోజూ పొద్దున్నే మాస్టారి గొంతు. "నూనె మళ్లీ గడ్డకట్టిందమ్మా, ఎండలో పెట్టు." రోజూ ఆమె "నాన్నగారూ" అని మొదలుపెట్టేది. ఆయన కట్టు చూసి, "కాఫీ తెమ్మంటారా?" అని ముగించేది.

ప్రమాదం జరిగిన ఇరవై రెండో రోజు తెలిసింది, దీపక్ కారు అమ్మేశాడని, అప్పగించేముందు ఇమ్మానుయేలు షెడ్డులో బాగుచేయిస్తున్నాడని. కువైట్లో డ్రైవరు పనికి వెళ్తున్నాడని. ఆ పొద్దున సువార్త తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది.

మాస్టారు కట్టు వైపు చూసుకున్నారు. "ఇన్నాళ్లూ ఆ అబ్బాయిని తిట్టించేవు కదమ్మా నా చేత," అన్నారు. తర్వాత, "ఆదివారం భోజనానికి రమ్మను. నేనే మాట్లాడతాను."

చలి వదలకముందే ఆమె షెడ్డుకి వెళ్లేసరికి దీపక్ కారు ముందు చక్రాలు జాకీల మీద లేచి ఉన్నాయి. ఇమ్మానుయేలు ఓ రబ్బరు పైపు ఊడదీసి సీసాలో పెట్టాడు. దీపక్ కొత్త ఆయిల్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"సమయానికి వచ్చేవమ్మా. సీట్లో కూర్చుని స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ ఉండు," అన్నాడు ఇమ్మానుయేలు.

ఆమె తిప్పింది. సీసాలోకి నల్లటి ఆయిల్, దాంతోపాటు తెల్లటి ముక్కలు.

"కారు తెచ్చిన రోజే కొబ్బరినూనె వాసన పట్టేనమ్మా. మాస్టారికి చెబుతానంటే, చెప్పొద్దని ఈయనే ఒట్టు పెట్టేడు."

దీపక్ కొత్త ఆయిల్ పోస్తూనే ఉన్నాడు. కాసేపటికి పైపులోంచి ఎర్రగా, శుభ్రంగా వచ్చింది. ఇమ్మానుయేలు పైపు బిగించి, జాకీలు దించి, ఇంజను స్టార్టు చేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

"నాన్నగారికి చెప్పేశాను దీపక్. ఆదివారం భోజనానికి రమ్మన్నారు. మన సంగతి ఆయనే మాట్లాడతారు."

"మంచిదండీ."

అండీ అన్న మాటకి ఆమె స్టీరింగ్ వదిలేసి అతని వైపు తిరిగింది.

"నేను పోశానని ఎందుకు చెప్పలేదు?"

"కడిగించకుండా తిప్పింది నేనండీ. ఆ తప్పు నాదే. కానీ మీరొక్క మాటంటారేమోనని చూసేను. వరండాలో, ఎదురుగా ఉన్నారు కదండీ."

"భయమేసింది."

"ఆయ్. నాక్కూడా వేసింది."

"ఇప్పుడు చెప్పాను కదా?"

అతను కిటికీలోంచి చెయ్యి చాచి, ఒక్క వేలితో స్టీరింగ్ తిప్పి చూశాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

"బాగైందండీ. కొన్నాయన రేపు పట్టుకెళ్తారు."

సువార్త కిందికి దిగింది. కళ్లలో నీళ్లకి ఎటు నడవాలో తెలియలేదు.

"ఎండెక్కుతోంది. ఇంటి దగ్గర దింపుతాను, ఎక్కండి," అని దీపక్ వెనక సీటు తలుపు తీసి పట్టుకున్నాడు.