జీవముద్రకు అక్కాచెల్లెళ్ళు లేరు

ప్రభుత్వ కంటి ఆస్పత్రిలో జీవముద్ర యంత్రం సువార్తమ్మ ఉమ్మిని రెండు సెకన్లలో చదివి ఎర్రదీపం వెలిగించింది. ఈ వ్యక్తి మరణించారు, కంటి ఆపరేషన్ కుదరదు అని తెర మీద పడింది.

పోయిన నెల చనిపోయింది ఆమె కవల అక్క కరుణమ్మ. సువార్తమ్మ కాకినాడలో స్కూలు సంచులకి జిప్పులు కుడుతుంది. శుక్లాలు ముదిరి సూదిలోకి దారం ఎక్కించలేక, పని పోగొట్టుకుని, ఈ ఆపరేషన్ కోసం ఆర్నెల్లు కాచుకుంది. గుర్తింపు కార్డులు అబద్ధమాడతాయని ప్రభుత్వం అన్నీ రద్దు చేశాక మనిషికి డీఎన్ఏ ఒక్కటే సాక్షి. ఎన్ని చెప్పినా యంత్రం పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

గొడవ విని, యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ హయవదనరావే దిగివచ్చాడు. ఓపిగ్గానే చెప్పాడు, అది ఒప్పుకోవాలి. డీఎన్ఏ మెలితిరిగిన జిప్పు లాంటిదట. దానికి నాలుగు రకాల పళ్ళు. ఎ కి టి, జి కి సి తప్ప మరోదానితో జత కుదరదు. కణం రెండు కావాలంటే ముందు జిప్పు విడిపోతుంది. విడిన ఒక్కో అంచూ తన జతను కొత్తగా కట్టుకుంటుంది. అలా ఒకటి రెండవుతుంది, రెంటిలోనూ సగం పాతది, సగం కొత్తది. ఒకే పిండం విడిపోయి పుట్టిన అక్కాచెల్లెళ్ళు కనుక యంత్రానికి ఇద్దరూ ఒక్కరే. జిప్పులు కుట్టే మనిషికి ఇదంతా ఇట్టే అర్థమైంది.

"కవలలుంటారని మీకు తెలీదా అయ్యా?"

"తెలుసమ్మా. మీలాంటి కవలలు వెయ్యి కాన్పులకి మూడో నాలుగో. లెక్కలోకి తీసుకోలేదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి లెక్కలో లేదంటే ఎవరికి మండదు?

"అక్క పోతే నేనూ పోయినట్టేనంటారు. అలాగైతే నేనున్నాను గదా, అక్క కూడా ఉన్నట్టే. రాసుకోండి."

డాక్టరు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి పైకి పంపాడు. పై అధికారులకు అది తెగ నచ్చింది. రికార్డును మళ్ళీ బతికించారు. ఒక డీఎన్ఏకి ఒకే పేరు పడుతుంది కనుక ముందు నమోదైన కరుణమ్మ పేరు ఉంచారు. ఊళ్ళో ఒక శవాన్ని పూడ్చిన మాట నిజమే కాబట్టి ఆ చావును సువార్తమ్మ పేరిట రాశారు.

కరుణమ్మ పేరు మీద ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పిన రోజు, చూపు ఎలా ఉందో చూద్దామని నర్సు ఫైల్లోంచి ఒక కాగితం తీసి చదవమంది. సువార్తమ్మ అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా తప్పు లేకుండా చదివింది. అది ఆమె మరణ ధ్రువీకరణ పత్రం.