నల్లకళ్లద్దాలు

"లారీని ఆపేస్తే వాళ్లు గెలిచినట్టు. పంపేస్తే పిల్లలు పోతారు. ఏదో ఒకటి తేల్చు తంబీ," అన్నాడు చీఫ్ వైర్‌లెస్‌లో.

కూనూరు ల్యాబ్‌లో ఒక పెట్టెడు వ్యాక్సిన్ సీసాలను నిన్న సాయంత్రం 'బ్లాక్ ఆర్కిడ్' ముఠా మార్చేసింది. లేబుల్ అదే, లోపల ప్రాణాంతక క్రిములు. దొరికిన మనిషి అంతవరకే చెప్పి సైనైడ్ కొరికాడు. పరీక్ష చేస్తే తేలడానికి రోజులు పడతాయి. లారీలో వెళ్లే మందు కోసం చూస్తున్న వరద శిబిరాల్లో పిల్లలకు అంత వ్యవధి లేదు.

బాయిలర్ మెకానిక్ వేషంలో ఏజెంట్ పరిది, వేడి ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ పక్కన నిలబడ్డాడు. సీసాలు నింపే గదిలో పని ముగిశాక క్రిముల్ని చంపడానికి అల్ట్రావయొలెట్ దీపం వేస్తామనీ, దాన్ని ఆర్పితే గేటు దగ్గర గంట మోగుతుందనీ డాక్టర్ సవరిరాయన్ చెప్పాడు. నిన్న గంట మోగలేదు.

"అంటే ఆ వెలుగులోనే మార్చారన్నమాట. కళ్లకేం కాదా?"

"అప్పుడేం తెలీదయ్యా. తెల్లారేసరికి ఇసుక పోసినట్టు మండిపోతాయి."

బయట దట్టమైన పొగమంచు. లోపల పట్టుచీరలో యాళిని, సైంటిస్టు వేషంలో ఉన్న పరిది డిపార్ట్‌మెంట్ మనిషే. ఎండ లేకపోయినా ఆమె కళ్లకు నల్లద్దాలు. ఆమెను పరిది నమ్మాడు, ఇష్టపడ్డాడు కూడా.

దగ్గరికెళ్లి అద్దాలు తీశాడు. కళ్లు మిరపపళ్లలా ఉన్నాయి.

"నాకోసం ఏడ్చావా?"

ఆమె చేతిలో లిప్‌స్టిక్‌లా కనిపించే పిస్తోలు పైకి లేచింది. పరిది పక్కనే ఉన్న ఆటోక్లేవ్ వాల్వు లాగాడు. బుస్సుమన్న ఆవిరికి ఆమె వెనక్కి తూలింది. మరుక్షణం ఆమె చేతికి బేడీ, బేడీ రెండో కొస కుర్చీకి.

"ఏ పెట్టె?"

యాళిని నవ్వింది. "లారీ హారన్ కొడుతోంది. వెళ్లి ఆపుకో."

పరిది ప్రతి పెట్టెలోంచీ ఒక సీసా తెప్పించాడు. వాటిని ఆమె ముందు వరుసగా పెట్టి, సిరంజి అందుకున్నాడు.

"మంచి మందేగా. ముందు నువ్వే వేసుకో."

మొదటి సీసా ఎత్తాడు. ఆమె చెయ్యి కదల్లేదు. రెండోదానికీ అంతే. చివరి సీసా మూత దగ్గరికి సూది వెళ్లగానే ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"వద్దు పరిదీ."

ఆ పెట్టె ఆటోక్లేవ్‌లోకి వెళ్లింది, లారీ ఘాట్ దిగింది. డాక్టర్ మాత్రం సిరంజిని పట్టుకుని మండిపడ్డాడు. "ఈ సూదిని కనీసం మరిగించావా?"

"లేదు డాక్టర్. గుచ్చే ఉద్దేశం ఉంటే కదా."