మాయెర్లికి కామెర్లట!

లుస్ డారి పెనం మీద అరెపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, తిరగేస్తోంది. కిటికీ అవతల మనిసాలెస్ కొండల మీద మంచు ఇంకా విడలేదు. వంటింటి బల్ల దగ్గర కూతురు మాయెర్లి రాత్రి బట్టల్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టకటకా ఏదో కొడుతోంది. పక్కన చాక్లెట్ కప్పు చల్లారి మీగడ కట్టింది.

"తాగవే, మళ్ళీ వేడి చెయ్యాలా?"

"రెండు నిమిషాలమ్మా."

"నీ రెండు నిమిషాలు నాకు తెలియనివా! పెనం మాడిపోయినా అవి గడవవు."

మాయెర్లి నవ్వింది గాని తల ఎత్తలేదు. ఆ రోజు యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలకి కంప్యుటేషనల్ బయాలజీ అంటే ఏమిటో, అది చదివితే ఏ దారులున్నాయో చెప్పే పని తనమీద పడింది. "నువ్వూ రామ్మా" అని వారం ముందే అడిగింది. "డ్యూటీ ఉంది" అనేసింది లుస్ డారి.

లుస్ డారి క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. తెల్లకోటు గంజిపెట్టి ఇస్త్రీ చేసుకుని బయల్దేరితే వీధి వీధంతా "డాక్టరమ్మ వెళ్తోంది" అని దారిస్తుంది. భర్త పోయాక కూతుర్ని ఆ కోటు మీదే పెంచింది. పిల్ల జీవశాస్త్రం తీసుకున్నప్పుడు ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. తల్లీ కూతుళ్ళు తెల్లకోట్లలో పక్కపక్కన వాలు దిగి వెళ్ళినట్టు కలలు కూడా కన్నది. తీరా చూస్తే పిల్ల పరీక్షగొట్టం ముట్టుకుని ఏడాది దాటింది. పొద్దస్తమానం ఇంట్లోనే, ఆ పెట్టె ముందే.

ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో ఆ తల్లికి తెలియదు. తెలియక ఏం చెప్పిందో ఆ పొద్దున బయటపడింది.

తలుపు చప్పుడైంది. మాయెర్లి వెళ్ళి తీసింది. పొరుగింటి రుబియెలా సూప్ గిన్నె గుమ్మంలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది.

"నువ్వొచ్చావేమే! మంచం దిగకూడదు కదా! అక్కడే ఉండు, దగ్గరికి రాకు. ఏదీ, కళ్ళు చూపించు. ఫర్వాలేదు, పసుపు తగ్గింది."

"ఏం పసుపు పిన్నీ?"

"కోడి సూప్ వేడిగా తాగు. జామపండు మిఠాయి కూడా పెట్టాను, కాలేయానికి తీపి మంచిది."

"ఎవరి కాలేయానికి?"

"నీదేనే పిచ్చిపిల్లా! నీ కామెర్లు తగ్గాలని మేమంతా మేరీమాతకి మొక్కుకుంటున్నాం. పాపం మీ అమ్మ, బేకరీ దగ్గర చెప్తూ చెప్తూ ఎంత బాధపడిందో!"

వంటింట్లో అరెపా మాడిన వాసన వచ్చింది. అబద్ధమాడినా ల్యాబ్ మనిషి కదా, లుస్ డారి రిపోర్టు చదివినట్టే ఆడింది. హెపటైటిస్ ఏ రకమో, విశ్రాంతి ఎన్నాళ్ళో, అన్నీ చెప్పింది. కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ రోగమే లేని పిల్ల లోకానికి పచ్చగా కనిపిస్తోంది.

మాయెర్లి గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

"నాకు జబ్బని చెప్పుకున్నావా అమ్మా?"

"ఏం చెప్పమంటావే? పిల్ల ఇంట్లోనే ఉంటోంది, ఉద్యోగం దొరకలేదా అని ఒకటే పొడుస్తున్నారు."

"చదువుకుంటోందని చెప్పొచ్చుగా!"

"ఏం చదువని అడుగుతారు. నాకు తెలిస్తేగా! నేనడిగితే 'అది పెద్ద కథమ్మా, నీకు అర్థం కాదు' అంటావు. రక్తం చూసి రోగం చెప్పేదాన్ని, నాకు అర్థం కాదా?"

"అందుకని రోగం అంటగడతావా? నా చదువు కంటే నా జబ్బే నీకు పరువుగా అనిపించిందా?"

లుస్ డారి మాడిన అరెపాని గరిటతో గీకడం మొదలుపెట్టింది.

"ఇవాళ నీకు డ్యూటీ కూడా లేదు. ఫ్రిజ్ మీద నువ్వే అంటించుకున్న కాగితంలో సెలవని ఉంది. రాలేనని చెప్పడం కూడా అబద్ధమే." మాయెర్లి ల్యాప్‌టాప్ మూసేసింది. "వచ్చే నెల యూనివర్సిటీ దగ్గర గది చూసుకుంటానమ్మా. కంటికి కనపడకపోతే ఎవరూ అడగరు. నీకూ ఈ బాధ ఉండదు."

బట్టలు మార్చుకుని, ఏమీ తినకుండా వెళ్ళిపోయింది.

ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. లుస్ డారి గిన్నె మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. పొరుగింటావిడ అంత ప్రేమగా వండి తెచ్చింది, లేని జబ్బుకి. బంగారంలాంటి పిల్లని పట్టుకుని కామెర్లని చెప్పడానికి తనకి నోరెలా వచ్చింది? గదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని మంచి జాకెట్ వేసుకుంది.

యూనివర్సిటీ హాలు పిల్లలతో కిటకిటలాడుతోంది. ఆఖరి వరసలో ఒక పొడుగాటి కుర్రాడి వెనక ఒదిగి కూర్చుంది. అందరికీ ఎదురుగా నిలబడి మాయెర్లి మాట్లాడుతోంది, ఆకలితో ఉన్న పిల్లలా లేదు.

"కంప్యూటర్ నుంచి పారిపోయి జీవశాస్త్రంలో చేరినవాళ్ళు చేతులెత్తండి. ఇంతమందా! నేనూ అంతే. పారిపోయి సరిగ్గా దాని ఒళ్ళోనే పడ్డాను."

అందరూ నవ్వారు.

"కింద నది ఒడ్డు ఊళ్ళలో డెంగీ వస్తుంది. క్లినిక్కుల్లో రక్తం తీస్తారు. అందులో దొరికిన వైరస్ జన్యువుని చదివితే నాలుగే రకాల అక్షరాలు, దాదాపు పదకొండు వేల పొడుగున. ఒక ఊరి వైరస్‌నీ ఇంకో ఊరి వైరస్‌నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ అక్షరం మారిందో వెతకాలి. ముక్కు చూసి ఫలానావాళ్ళ పిల్ల అని పోల్చుకుంటామే, అలా. అప్పుడు ఏ ఊరి జ్వరం ఏ ఊర్నుంచి వచ్చిందో తెలుస్తుంది. వందల వరసల్ని కంటితో చూడలేం కాబట్టి కంప్యూటర్‌కి నేర్పిస్తాం."

లుస్ డారి ముందుకి వంగింది. ఇన్నేళ్ళూ తను చూసింది ఒక్కో గొట్టాన్నే. ఉందనో లేదనో రాసి పంపేసేది, తెల్లారితే మళ్ళీ కొత్త గొట్టాలు. ఆ తర్వాత అవన్నీ ఒకచోట చేరి ఇన్ని మాటలు చెప్పగలవని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"ఉద్యోగాలా? ఆసుపత్రులున్నాయి, మందులు తయారుచేసే చోట్లున్నాయి. తుప్పు తెగులుని తట్టుకునే కాఫీ మొక్కని ఎంచేచోట మనమే కావాలి. అడవిలో ఏ కప్ప తగ్గిపోతోందో కనిపెట్టేచోటా మనమే. నాలాగ వాగుడెక్కువైతే పాఠాలు చెప్పుకోవచ్చు. మొదటి ఏడాది మాత్రం రాసిన ప్రోగ్రాం పనిచెయ్యక ఏడుస్తారు. నేనైతే చాలాసార్లు ఏడ్చాను."

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "అక్కా, మా నాన్న కాఫీ తోటలో పనిచేస్తాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు. ఏం చదువుతున్నావంటే ఆయనకి నేనేం చెప్పాలి?"

మాయెర్లి ఆ పిల్ల దగ్గరికి రెండడుగులు వేసింది.

"నిజం చెప్పనా? నాకే తెలియదు. మీకోసం వారం రోజులు కూర్చుని బొమ్మలు వేశాను. మా అమ్మ అడిగితే మాత్రం పెద్ద కథ, నీకు అర్థం కాదన్నాను. ఒక్కరోజు పక్కన కూర్చోబెట్టి చెప్పలేదు. పొద్దున ఆవిడ మీదే అరిచి వచ్చాను." కళ్ళు తుడుచుకుంది. "నువ్వు మాత్రం అలా చెయ్యకు. ఆయన ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్పు."

ఆఖరి వరసలో ఒక చెయ్యి లేచింది.

"అయితే నాకిప్పుడు చెప్పు," అంది లుస్ డారి. "ఇవాళ నాకు డ్యూటీ లేదు."

హాలంతా వెనక్కి తిరిగింది.

"ఒక్కటే సందేహం. నేను సూది గుచ్చి తీస్తానే, ఆ రక్తం. అది నీదాకా వస్తుందా?"

"వస్తుందమ్మా. అది వస్తేనే నా పని మొదలయ్యేది."

లుస్ డారికి ఇక కూర్చోవడం చేతకాలేదు. పిల్లల కాళ్ళు తప్పించుకుంటూ ముందుకి నడిచింది. మాయెర్లి ఎదురొచ్చి అమ్మ భుజం మీద తలపెట్టుకుంది.

"తప్పయిపోయిందే తల్లీ."

"నాదీ తప్పేనమ్మా."

"గదీ గిదీ అన్నావంటే నిజంగానే సూది గుచ్చుతాను."

ముందు వరస గొల్లున నవ్వింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కేబుల్ కారులో పక్కపక్కన కూర్చున్నారు.

"ముందు రుబియెలాకి నిజం చెప్పాలి," అంది తల్లి.

"ఆదివారం దాకా ఆగమ్మా. పిన్ని సూప్ బాగుంటుంది."

"నోర్ముయ్! దిగగానే చెప్తున్నా."

ఎదురుగా ఉల్లిపాయల సంచి ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ వాళ్ళ మాటలు వింటూ, "అమ్మాయి ఏం చేస్తుంది?" అని అడిగింది.

లుస్ డారి జాకెట్ సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"జ్వరాలకి పుట్టిల్లు కనిపెడుతుందండీ మా అమ్మాయి. ఏ జ్వరం ఏ ఊరిదో, ఎవరి సంతానమో, లోపలి అక్షరాలు చదివి చెప్పేస్తుంది. అక్షరాలంటే ఎన్ననుకున్నారు? పన్నెండు వేలు!"

వెయ్యి ఎక్కువైంది. మాయెర్లి అమ్మ చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకుంది.