రెండో కప్పు

ఇలారియా మొదటిసారి కొసిమో పొలంలోకి వచ్చింది పోట్లాటకే. ఒట్టి కాళ్లతో ఎర్రమట్టి తొక్కుకుంటూ వచ్చి, ఆలివ్ చెట్ల మధ్య నడుస్తున్న ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది. కొసిమో బ్రేకు తొక్కాడు. ఇంజను ఆపడం మాత్రం మరిచిపోయి, ఆమె వంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆపమని ఆమే సైగ చేయాల్సి వచ్చింది.

"కాసేపు ఈ చప్పుడు ఆపుతారా? మా వాళ్లు పడుకుని ఉన్నారు."

"ఇంత పొద్దెక్కాక పడుకోవడమేంటండీ? ఒంట్లో బాగాలేదా?"

"అది యోగా. కింద దిండ్లు, పైన దుప్పటి, కళ్ల మీద చిన్న సంచి. ఒంటికీ మనసుకీ పూర్తి విశ్రాంతి."

"మా నాన్న రోజూ భోజనం చేశాక చేసేది అదే. పాపం, దానికో పేరుందని ఆయనకి తెలీదు."

ఇలారియా నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం కొసిమో చూశాడు. చూశాడని ఆమెకూ తెలిసింది. అందుకే ఇంకాస్త కోపంగా మొహం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పొద్దుటి క్లాసు అయ్యేదాకా ట్రాక్టరు కదల్లేదు. ఎండ నెత్తిమీదికి వచ్చాక పొలం దున్నుతున్న కొడుకుని చూసి, వీడికేదో పట్టిందని వాళ్ల నాన్న అనుకున్నాడు. నిజంగానే పట్టింది.

ఇలారియాది మా పక్క ఊరే. ఉత్తరాన ఉన్న బొలోన్యా నగరానికి వెళ్లి యోగా నేర్చుకుని, కొన్నేళ్లు అక్కడే నేర్పి, ఈ వసంతంలో తిరిగొచ్చింది. కొసిమో పొలాన్ని ఆనుకుని ఉన్న తన పిన్నిగారి పాత రాతి ఇల్లు బాగుచేయించి విశ్రాంతి శిబిరం పెట్టింది. వచ్చినవాళ్లంతా పెద్ద ఊళ్ల ఉద్యోగాల్లో నలిగిపోయినవాళ్లు. శిబిరంలో ఫోన్లు బంద్, మాంసం బంద్. అన్నిటికంటే ఘోరం, కాఫీ బంద్.

కాఫీ లేకుండా మనిషి బతుకుతాడన్న సంగతి కొసిమో నానమ్మ అసుంత ఎన్నడూ వినలేదు. మా వైపు గడప ముందు ఆగిన మనిషికి కాఫీ ఇవ్వకపోతే ఇంటికి అవమానం. ఇచ్చినదాన్ని వద్దంటే అంతకంటే పెద్ద అవమానం. శిబిరంవాళ్లు పొద్దున్నే మౌనంగా నడిచే దారి సరిగ్గా ఆవిడ గడప ముందు నుంచే పోతుంది. ఒకరోజు మిలాన్ నుంచి వచ్చిన లాయరమ్మ అక్కడ ఆగి, పొయ్యి మీది వాసనకి కళ్లు మూసుకుంది. నానమ్మకి అది చాలు. మర్నాటికి గుంపు గుంపంతా ఆవిడ వంటింట్లో ఉంది. మౌనవ్రతం గడప అవతలే ఆగిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ కొసిమోకి ఇలారియా కబుర్లు కావాలి. ఒక కప్పుకి ఎవరూ ఎక్కువ మాట్లాడరు కాబట్టి రెండోది తనే పోసేవాడు. ఆమెకి అంజూరపు పళ్లంటే ప్రాణమని, కోపమొస్తే పాటలు పాడుకుంటుందని, బొలోన్యాలో ఆమె కోసం ఎవరూ ఎదురుచూడటం లేదని అలాగే తెలిసింది. ఈ చివరి కబురు మోసుకొచ్చిన లాయరమ్మకి మూడో కప్పు కూడా దక్కింది.

అటు క్లాసులో ఇలారియా కిటికీలు మూసి, మెత్తని గొంతుతో ఒళ్లు వదిలేయమంటుంటే, దుప్పట్ల కింద కాళ్లు తాళం వేసేవి. లాయరమ్మ కళ్ల మీది సంచి ఎత్తి గోడల మీది పగుళ్లు చూసేది. ఒకాయన పడుకున్నచోటే, అక్కడ లేని పై ఆఫీసరుతో గొడవపడేవాడు.

ఒక సాయంత్రం పొలాల మధ్య రాతిగోడ దగ్గర ఇలారియా పాడుతూ కనిపించింది. కోపమని కొసిమోకి అర్థమైంది. ఎవరి మీదని అడిగాడు.

"నా మీదే. ఆదివారం వీళ్లు వెళ్లగానే శిబిరం మూసేసి బొలోన్యా వెళ్లిపోతున్నాను. నా దగ్గర ఒక్కరికీ విశ్రాంతి దొరకడం లేదు. నేను నోరు తెరిస్తే చాలు, వాళ్లకి ఉన్న నిద్ర కూడా పోతోంది. చేతకాని పని పట్టుకుని వేలాడటం దేనికి?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కాఫీ సంగతి చెప్పాలా వద్దా అని కొసిమో తటపటాయించాడు. చెబితే ఆమె మళ్లీ తన మొహం చూడదు. చెప్పకపోతే చూడటానికి ఆమే ఉండదు.

"మీకు చేతకాక కాదు. వాళ్లు రోజూ మా ఇంట్లో కాఫీ తాగుతున్నారు."

 ఎన్ని కప్పులు తాగుతున్నారని ఆమె అడిగింది.

"మొదటి కప్పు నానమ్మ మర్యాద. దాన్ని ఆపడం నా వల్ల కాదు. రెండోది నేను పోసింది."

"మీరెందుకు పోశారు?"

"మీ గురించి అడగడానికి. మీరంటే నాకు ఇష్టం. మీతోనే చెప్పే ధైర్యం లేక ఇలా చేశాను. ఎంత తిట్టినా పడతాను. వెళ్లిపోకండి."

ఇలారియా తిట్టింది. శాంతి నేర్పే మనిషి బొలోన్యాలో అన్నేళ్లున్నా, మా ఊళ్ల తిట్లు ఒక్కటీ మరిచిపోలేదు. తిట్టడం అయ్యాక నేరుగా నానమ్మ దగ్గరికి నడిచింది. ఆవిడ ముందు కాఫీ చేతిలో పెట్టింది. కాదనలేక ఇలారియా గటగటా తాగేసి, తర్వాత తన గోడు వెళ్లబోసుకుంది.

"ముందే చెప్పొద్దటే తల్లీ? వేయించిన బార్లీ గింజల కాఫీ కాచేదాన్ని, అది నిద్ర చెడగొట్టదు. పసిపిల్లలకి మేం పోసేది అదేగా," అంది నానమ్మ. గుమ్మంలో తలవంచుకు నిలబడ్డ మనవడి వైపు తిరిగింది. "ఒరే, పిల్ల నచ్చితే కాఫీ పిల్లకి పొయ్యాలిరా. ఊళ్లోవాళ్లందరికీ కాదు."

ఇలారియా ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కొసిమోకి శిక్ష వేసింది, మర్నాటి క్లాసుకి రావాలని.

బార్లీ కాఫీ తాగి వచ్చిన శిబిరం మర్నాడు దుప్పట్ల కింద మెత్తబడిపోయింది. లాయరమ్మ ఏకంగా గురక పెట్టింది. కొసిమో ఒక్కడే అటూ ఇటూ దొర్లుతున్నాడు. ఇలారియా వచ్చి పక్కన కూర్చుని, దుప్పటి సర్ది, అతని ఛాతీ మీద చెయ్యి ఆనించింది.

"నిజం చెప్పు, పొద్దున ఎన్ని కప్పులు తాగావు?" అని గుసగుసగా అడిగింది.

"ఒక్క చుక్క కూడా తాగలేదు."

"మరి ఇలా కొట్టుకుంటోందేం?"

"నీకు తెలీదా?"

 ఇలారియా చెయ్యి తీయలేదు. కాసేపటికి వంగి, బొలోన్యాలో తను నేర్పిన చోటికి ఇక రానని చెప్పేశానంది. ఆ పొద్దున ఆ గదిలో విశ్రాంతి దొరకనిది వాళ్లిద్దరికే.