ఏడు సంతకాల గడియారం

కర్నల్ తొక్తార్ ఆ పెన్‌డ్రైవ్‌ని చచ్చిన ఎలుకలా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“విదేశీ ముఠా కొరియర్ బూటు మడమలో దొరికింది. మన పన్నెండుమంది ఏజెంట్ల పేర్లున్నాయి. కాపీ అయింది నిన్న మధ్యాహ్నం మూడూ పదికి. అప్పుడు ఆర్కైవ్‌లో ఉన్నది జిబెక్. కేస్ క్లోజ్!”

“ఆరేళ్ళుగా ఆ ముఠాలో మనకోసం వేషం కడుతోంది సార్,” అన్నాడు ఏజెంట్ ఎర్జాన్.

“వేషం ఒంటికి అంటుకుపోయిందేమో! బెకెన్ జైలుకి తీసుకెళ్తున్నాడు.”

గుర్రపు మాంసం ముక్క నములుతూ మేజర్ బెకెన్ జిడ్డు చెయ్యి ఎర్జాన్ భుజానికి తుడిచాడు. “దారిలో పారిపోబోతే కాల్చక తప్పదు కదా తమ్ముడూ!”

ఎర్జాన్ ఆ చెయ్యి తోసేశాడు. తిన్నగా ఆర్కైవ్‌కి నడిచాడు. తడి బూట్లు, పులిసిన పాల టీ కలిసి ఆ గది కంపు కొడుతోంది. అక్కడి కంప్యూటర్ గంట ముందుంది.

“ఇదేంటక్కా?”

“మొన్న మార్చి ఒకటిన సర్కారు ఉత్తర్వుతో మన అల్మాతీ నగరమంతా గడియారం గంట వెనక్కి తిప్పుకుంది కదయ్యా,” అంది రికార్డులు చూసే కుల్యాష్. “దీనికి నెట్ లేదు, తనంతట మారదు. చేత్తో మార్చాలంటే ఏడు సంతకాలు. నాలుగే అయ్యాయి.”

ఊళ్ళో కాలం మారింది, ఆఫీసుకి కాలం చెల్లింది! డిస్కులోని కాపీ జాడ, చేతి వాచీ ప్రకారం రాసే గది రిజిస్టరు చూసి ఎర్జాన్ పరుగు తీశాడు.

జిబెక్‌తో బెకెన్ కారు గేటు దాటబోతోంది. అడ్డంగా నిలబడ్డాడు. బెకెన్ కారు దిగాడు, కర్నల్ ఆఫీసు మెట్లు దిగి వచ్చాడు.

“పెన్‌డ్రైవ్ చిలకలాంటిది సార్. కంప్యూటర్ చెప్పిన గంట రాసుకుంటుంది, ఏ ఊరి గంటో రాసుకోదు. కంప్యూటర్ డిస్కు అలా కాదు. ప్రపంచ సమయంలో దాచి, చూపేటప్పుడు మన గంటలు కలుపుతుంది. దాంట్లో ఉన్నది ఉదయం తొమ్మిదీ పది. ఇప్పుడు మనం కలపాల్సింది ఐదు.”

“మధ్యాహ్నం రెండూ పది,” గొణిగాడు కర్నల్.

“ఆ కంప్యూటర్ ఇంకా పాత లెక్కన ఆరు కలుపుతోంది. అందుకే మూడూ పది. నిజంగా కాపీ అయిన రెండూ పదికి లోపలున్నది, రిజిస్టరు ప్రకారం, మేజర్ గారు!”

బెకెన్ చెయ్యి తుపాకీ మీదికి పోయింది. వెనకసీట్లో జిబెక్ సంకెళ్ళ చేతులతోనే లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోంచి కిటికీ బయటికి చిమ్మిన ఘాటు పొగకి మేజర్ దగ్గుతూ మోకాళ్ళమీద పడ్డాడు.

“క్షమించమ్మా,” అన్నాడు కర్నల్, సంకెళ్ళు విప్పుతూ.

“ఆ ముఠావాళ్ళు నన్ను రోజుకి రెండుసార్లు అనుమానించేవాళ్ళు సార్,” అంది జిబెక్ మణికట్లు రుద్దుకుంటూ. “కానీ అనుమానం వస్తే నన్నే అడిగేవాళ్ళు.”