ఆపదరోధిని

2094 నాటికి చంద్రుడి ఆవలి వైపున ఉన్న వెన్నెలపాడులో కాస్త తీరిక దొరికిన ప్రతివారికీ ఒకటే పిచ్చి పట్టుకుంది. దాని పేరు దూరశ్రవణం. ఎక్కడో గ్రహశకలాల మీద గనుల్లో పనిచేసేవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడానికి చిన్న చిన్న రేడియో స్టేషన్లు పెట్టుకుంటారు. వాటిని ఇక్కడ కూర్చుని పట్టుకోవడమే ఆ సరదా. భూమి చేసే రేడియో గోల చంద్రుడి ఆ వైపుకు రాదు కాబట్టి ఊరు ఊరంతా చెవులు రిక్కించుకుని ఉండేది. విన్నవాడు ఒక నివేదిక రాయాలి. ఎంత ఫ్రీక్వెన్సీ, ఏ సమయం, ఏం వినిపించింది, ఎంత స్పష్టంగా. దాన్ని ఆ స్టేషనుకే పంపితే, మీరు విన్నది మమ్మల్నే అని ధ్రువీకరిస్తూ వాళ్ళొక కార్డు పంపుతారు. ఆ కార్డులు గోడల నిండా అతికించుకుని, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించి ప్రాణం తీసేవారు. అంతవరకూ అమాయకపు వేడుకే అనుకోవచ్చు.

ఈ పిచ్చికి ఆజ్యం పోసింది డాక్టర్ ఇవటూరి హైమ కనిపెట్టిన రొదజల్లెడ. సూర్యుడూ గురుగ్రహమూ ఎప్పుడూ రేడియో తరంగాలు వెదజల్లుతూనే ఉంటాయి. ఆ రొద మరుక్షణంలో ఎలా ఉండబోతుందో జల్లెడ ముందుగానే లెక్కకట్టి, అందిన సిగ్నల్‌లోంచి దాన్ని తీసేస్తుంది. ఇక మిగిలేది మనిషి చేసిన శబ్దమే. ఐదు వాట్ల ట్రాన్స్‌మిటర్ ముప్ఫై కోట్ల కిలోమీటర్ల అవతల గొణిగినా పక్కగదిలో మాట్లాడినట్టు వినిపిస్తుంది.

ఇంత ఉపకారం చేసిన మనిషికి శ్రోతల సంఘం ఒక మధ్యాహ్నం సన్మానం పెట్టుకుంది. శాలువా కప్పాక కార్యదర్శి వేమవరపు కామేశం మైకు అందుకున్నాడు.

"ఈ ఏటికల్లా అరుదైన స్టేషనండి, డాక్టర్ గారూ. ఆరు రోజుల కిందట దొరికింది. మన సభ్యులు రెండొందల పన్నెండు మంది పట్టారు. ఒక్కసారి చిత్తగించండి" అని రికార్డింగు పెట్టాడు.

ఒక ఆడమనిషి గొంతు. "నలభై ఒకటో గని. నాను పైడమ్మని. మాకాడ గాలి మిషను ఆగిపోనాది. పెద్ద రేడియోలోంచి మాట బయటికెళ్ళట్లేదు, ఈ సిన్నదాంట్లోనే సెప్తన్నాను. మా ఆయనా నానూ ఇద్దరం ఉన్నాం. ఇయ్యాల్టి నుంచి తొమ్మిది రోజులకి గాలుంది. ఎవులైనా ఇంటే కబురెట్టండి."

తరవాత దగ్గు. సభలో చప్పట్లు మోగాయి.

హైమకు మొదట తను సరిగా వినలేదేమో అనిపించింది. ముందు వరసలోంచి వ్యాఘ్రేశ్వరరావు అనే రిటైర్డ్ లెక్చరర్ లేచి తన నివేదిక చదివాడు. "స్త్రీ గొంతు. వయసు నలభై ఉండవచ్చు. విషయం, గాలి యంత్రం గురించి ప్రకటన. స్పష్టత ఐదుకి నాలుగు. చివర దగ్గు, రెండుసార్లు." కళ్ళద్దాలు తీసి వినయంగా నవ్వాడు. "ఆ దగ్గు కూడా దొరికిందంటే మీ యంత్రం చలవేనమ్మా."

"రక్షణ కార్యాలయానికి ఎవరు చెప్పారు?" అంది హైమ.

కామేశం అటూ ఇటూ చూశాడు. "ఎవరో ఒకరు చెప్పే ఉంటారండి. ఇంతమంది విన్నాం కదండీ."

"మీరు చెప్పారా?"

"మన పని వినడం వరకేనండి. నివేదిక మాత్రం ఆ రోజే పంపేశాను."

"ఎవరికి?"

"ఆ స్టేషనుకేనండి. కార్డు కోసం."

హైమ అక్కడే, శాలువా భుజం మీద ఉండగానే, రక్షణ కార్యాలయానికి ఫోన్ చేసింది. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆకాశమంతా వినాలంటే వేల చెవులు కావాలి, ఆ కార్యాలయం పెద్ద ట్రాన్స్‌మిటర్లను మాత్రమే వింటుంది. దగ్గర్లో ఉన్న ఓడ ఆ గనికి చేరడానికి ఐదు రోజులు పడుతుందన్నారు. ఆరూ ఐదూ పదకొండు. ఆమె ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కొందరు అప్పుడే తమ రికార్డింగులు చెరిపేసుకుంటున్నారు. మిగిలినవాళ్ళు టిఫిన్ల దగ్గర వరసలో నిలబడ్డారు. అంత మర్యాదస్తుల మధ్య నిలబడలేక హైమ శాలువా తీసి కుర్చీ మీద పడేసి వెళ్ళిపోయింది.

పదకొండో రోజున ఓడ చేరేసరికి పైడమ్మ ఒక్కతే బతికి ఉంది. ఓడ వచ్చే రోజు తెలిశాక, ఇద్దరికీ చాలని గాలి ఒకరికి చాలుతుందని ఎనిమిదో రోజున ఆమె భర్త సింహాచలం తన గాలి ముసుగు తీసి భార్య పక్కన పెట్టాడట. హైమ ఆసుపత్రికి వెళ్ళి ఆమె మంచం దగ్గర కూర్చుంది.

"ఉత్తరాలు అందేయమ్మా" అంది పైడమ్మ. "పెద్ద రేడియోలోంచి మాట పోదు గానీ వచ్చినియ్యి అందుతాయి కదా. రోజుకి ముప్ఫై, నలభై. నా గొంతు బాగుందని రాసినారు. మా ఆయన ఒక్కోటీ తెరిసి, ఇదైనా కబురేమో అని ఆఖరుదాకా సదివేవోడు. అన్నింట్లోనూ కార్డే అడిగినారు."



ఆపైన చట్టం వచ్చింది. ఆపద పిలుపు విన్నవాడు గంటలోగా కబురు చేయాలి, విచారణకు వచ్చి సాక్ష్యం చెప్పాలి, లేకపోతే జైలు. జనం బుద్ధి తెచ్చుకుంటారని హైమ అనుకుంది. నెల తిరక్కుండానే ఆమె పేరున జల్లెడ సంస్థకు నాలుగు వేల ఉత్తరాలు వచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే కోరిక. ఆపద పిలుపులు వినపడకుండా జల్లెడకు ఒక మీట పెట్టించండి, హాయిగా పాటలు వింటాం.

జల్లెడ తయారుచేసే సంస్థ మేనేజరు సూర్యప్రభ ఆ ఉత్తరాల కట్టతోనే వచ్చింది. "పెద్ద మార్పేం కాదు మేడమ్. సూర్యుడి రొదను తీసేసినట్టే ఇదీ తీసేయడం."

"అంత గుర్తుపట్టగలిగినప్పుడు యంత్రమే రక్షణ కార్యాలయానికి పంపేయొచ్చుగా?"

"అప్పుడు యజమాని విన్నట్టే లెక్క మేడమ్. సాక్ష్యానికి పిలుస్తారు. అదే వద్దంటున్నారు."

"ఛీ" అంది హైమ. మాటవరసకు కాదు, నిజంగానే నోరు చేదయింది. తన చేతుల మీదుగా అది జరగదని చెప్పి పంపేసింది.

ఆమె లేకుండానే చేశారు. ఆపదరోధిని అని పేరు పెట్టి, పరీక్షించి సంతకం పెట్టమని మొదటి యంత్రాన్ని ఆమె ఇంటికే పంపారు. తప్పులు పట్టి తిప్పికొడదామనే హైమ దాన్ని బల్ల మీద పెట్టుకుంది. పరీక్ష కోసం దానికొక ఆకుపచ్చ దీపం ఉంది. ఏదైనా పిలుపును మింగుతున్నంతసేపూ అది వెలుగుతుంది. పొద్దున తొమ్మిదింటికి మీట వేసి, స్టేషన్లు వెతకడం మొదలుపెట్టింది.

పదీ పదికి ఒక పాట దొరికింది. ఆ పౌనఃపున్యం చూసి ఆమె ఊపిరి బిగబట్టింది. శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ మీది స్టేషను. చంద్రుడి మీద ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. హైమ కూడా పదకొండేళ్ళుగా దానికోసం వెతుకుతోంది.

సరిగ్గా అప్పుడే ఆకుపచ్చ దీపం వెలిగింది.

మీట తీస్తే ఆ పిలుపు వినిపిస్తుంది. కానీ జల్లెడ లెక్కంతా మొదటి నుంచి కట్టుకోవాలి, దానికి రెండు నిమిషాలు పడుతుంది, టైటాన్ జారిపోతుంది. హైమ మీట మీద వేలు పెట్టింది. పాట అయిపోవస్తోంది, స్టేషను పేరు చెప్పగానే తీసేద్దామనుకుంది. పాట అయింది. పేరు చెప్పలేదు, ఇంకో పాట వేశారు. ఇదొక్కటీ అయ్యాక, అనుకుంది.

రెండో పాట సగంలో ఉండగా దీపం ఆరిపోయింది.

పాట చివర పేరు చెప్పారు. ఆమె సమయం రాసుకుంది. తరవాత మీట తీసి, రెండు నిమిషాలు ఆగి, అన్ని పౌనఃపున్యాలూ గాలించింది. ఎక్కడా ఏ గొంతూ లేదు. తన ఒంటి మీద తనకే రోత పుట్టింది. సంస్థ పంపిన పత్రంలో, పరీక్ష ఫలితం అన్న గడి దగ్గర, "సరిగానే పనిచేస్తోంది" అని రాసి సంతకం పెట్టింది.