గోదావరి మీద ఎనిమిది రోజులు

మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి యమున జొన్నరొట్టెలకు పిండి కలుపుతోంది. సైరన్ విని లేవాల్సిన మనిషి మాత్రం మంచం మీదే పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్లు బొగ్గుబావిలోకి దిగిన సంపత్‌కు ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. కంపెనీ డాక్టర్లు నెల క్రితమే అన్‌ఫిట్ అని రాసిచ్చారు. అతని బదులు ఇంట్లో ఒకరికి కొలువు వస్తుంది. ఆ ఒకరు ఈమధ్యే పద్దెనిమిది నిండిన ఒక్కగానొక్క కూతురు హర్షిణి అని అందరూ అనుకున్నారు. దరఖాస్తులో ఆమె పేరే రాశారు.

హర్షిణి ఆ వేళకు గోదావరి మీద ఉంటుంది. ఆసియా జూనియర్ పడవ పందేలకు ఎంపికైన పిల్ల. శిబిరం ముగిశాక చివరి ఎనిమిది రోజులు ఇంటి దగ్గరే సాధన చెయ్యమని పంపారు. పొద్దెక్కాక తడి జుట్టుతో వచ్చి, తిని, గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోతుంది. నిద్రలో కూడా చేతులు రెండూ నెమ్మదిగా ముందుకు వెళ్లి వెనక్కి వస్తుంటాయి. యమున వంటింటి గడపలో నిలబడి, తనకు తెలియని నీళ్ల మీద తేలుతున్న కూతుర్ని చూస్తూ ఉండిపోయేది.

ఆ రోజు హర్షిణి తినడానికి కూర్చోగానే సంపత్ కంపెనీ ఉత్తరం తీశాడు.

"పన్నెండో తారీఖున నిన్ను మెడికల్ పరీక్షకు రమ్మన్నరు బిడ్డా."

"ఆ రోజే నా పందెం బాపు."

"పందెం మళ్లొస్తది, కొలువు మళ్లరాదు," అంది యమున.

"జూనియర్ల నాకు ఇదే ఆఖరేడు అమ్మా. వచ్చే ఏడు వయసు దాటిపోతది."

"పడవ కూడు పెడ్తదా?"

హర్షిణి కంచం పక్కకు జరిపింది. "మూడేండ్ల సంది పడవ నడుపుతున్న. ఒక్కసారన్న వచ్చి చూసినవా అమ్మా?"

"నేనొస్తే వంట ఎవరు చెయ్యాలె? బాపుకు మందులు ఎవరియ్యాలె?"

కూతురు లేచి చెయ్యి కడుక్కుంది. "సరే. రేపు కోచ్ సార్‌కు చెప్పి పందెంల పేరు తీపించుకుంట."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే యమునకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

మర్నాడు హర్షిణి వెళ్లిన కాసేపటికే యమున పొయ్యి ఆర్పి ఆటో ఎక్కింది. ఒడ్డుకు చేరేసరికి నది కనిపించలేదు. అంతా తెల్లటి మంచు. కోచ్ తాబిష్ కూతురి పోలికలు చూసి ఆమెను పోల్చుకుని కుర్చీ వేశాడు.

"పేరు తియ్యమని హర్షిణి పొద్దుగాలే చెప్పిందమ్మా, నేనింక తియ్యలే. ఆఖరుసారి ఒక్క చుట్టు తిరిగొస్త అని పోయింది."

మంచులోంచి సన్నటి పడవ ఒకటి చప్పుడు లేకుండా జారి వచ్చింది. రెండు తెడ్లు ఒక్కసారే లేచి ఒక్కసారే మునుగుతున్నాయి. నీళ్లలోనే పుట్టి పెరిగినట్టున్న ఆ పిల్ల తన కడుపున పుట్టిందంటే యమునకు నమ్మబుద్ధి కాలేదు.

"వెనక్కి తిరిగి కూసున్నదేంది సార్? ముందట ఏమున్నదో ఎట్ల కనపడ్తది?"

"కనపడదమ్మా. దాటొచ్చిన ఒడ్డును చూసుకుంటనే తోవ తప్పకుండ పోతరు."

యమునకు తను దాటొచ్చిన ఒడ్డు మంచులో లీలగా కదిలింది. పదో తరగతి పాసైన ఏడాదే పెళ్లి. ఇరవై ఏళ్లుగా మూడు షిఫ్టులకూ టిఫిన్ కట్టింది. తనూ ఒక పని చేస్తానని ఎన్నడూ అనలేదు, చేస్తావా అని ఎవరూ అడగలేదు. కొలువు అనగానే అందరితో పాటు తనూ కూతురి వైపే ఎందుకు చూసినట్టు? ఇంకా నలభై కూడా నిండలేదు.

పడవ ఒడ్డుకు వచ్చింది. తల్లిని చూసి హర్షిణి దిగడం మరిచిపోయింది.

"పేరు తీపించుకోకు. ఆ కొలువు నేను చేస్త," అంది యమున.

"నువ్వా? నీకు ఎట్లైతదమ్మా?"

"ఈ పడవ నడుపుడు నీకెట్లైంది? నేర్చుకున్నవు. నేనూ నేర్చుకుంట."

హర్షిణి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వచ్చి తల్లి భుజం మీద తల ఆనించింది. అప్పుడు ఏడ్చింది, నిన్నటిది కూడా కలిపి.

ఇంట్లో ఆ మాట విని సంపత్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "బొగ్గుబాయి మీద పని అలకటిది కాదు యమునా."

"నిన్ను ఇరవై ఏండ్లు చూసిన, నాకు తెల్వదా? నన్నొక్క మాటన్న అడిగినవా?"

"అడగలె. తప్పు నాదే," అన్నాడు. మంచం దిగి అంగీ వేసుకున్నాడు. ఆఫీసు దాకా మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ నడిచాడు. భార్య పేరు పెట్టుకోవచ్చన్నారట, కాకపోతే మెడికల్ వచ్చే నెలకు వాయిదా పడుతుందన్నారట.

పన్నెండో తారీఖు పందెంలో హర్షిణి నాలుగో స్థానంలో వచ్చింది. పతకం రాలేదు గానీ, ఇల్లు చేరిన రోజు పందెం జరిగిన సరస్సు రంగు గురించి చెబుతూ చెబుతూ తల్లి ఒడిలోనే నిద్రపోయింది.

మరుసటి నెల కంపెనీ దవాఖానలో తల్లీకూతుళ్లిద్దరూ వరుసలో కూర్చున్నారు. యమున ఇస్త్రీ చీర కట్టుకుంది. నర్సు వచ్చి ఫైలు చూస్తూ, అలవాటుగా హర్షిణి వైపు చెయ్యి చాచింది.

"రామ్మా. కొలువు నీకే గదా?"

"నాకు కాదు మేడం. మా అమ్మకు."

యమున లేచి నిలబడింది.